పాటా, బనీనూ

సంగీతాన్ని గూర్చి నేను వ్రాయబూనటం మిత్రులకు వింతగా తోచవచ్చు. నాకు రాగజ్ఞానం లేదు, తాళజ్ఞానం అంతకంటే లేదు. ముప్పయ్యేళ్ళ పైచిలుకు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత ఆత్రేయపురంలో మా తండ్రిగారి పెంకుటిల్లు కనిపెట్టుకుని వున్నవాణ్ణి. అయితే ఇక్కడ నేను చెప్పదలచింది అసలు సంగీతం సంగతి కాదు, సంగీతం పేరు మీద అమ్ముడుపోయే బనీను సంగతి. ఆ విషయంలో నేనొక తప్పు చేశాను. దాన్ని సమర్థించుకోవటానికి నాకున్న సిద్ధాంత జ్ఞానమంతా వినియోగించి చూశాను గాని లాభం లేకపోయింది.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగుళూరు నుంచి వచ్చాడు. సాఫ్టువేరు ఉద్యోగి. తిరుగు ప్రయాణంలో స్నేహితులకు పట్టుకువెళ్ళాలని పాతిక పెట్టెల పూతరేకులు పురమాయించాడు. వాటిని మోసుకువచ్చిన కుర్రవాడు ఇంటరు చదువుతున్నాడు; సెలవు రోజుల్లో ఒక పూతరేకుల దుకాణంలో పని చేస్తాడు. వాడి తండ్రి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. కుర్రవాడు నల్లని టీ షర్టు తొడుక్కున్నాడు. రొమ్ము మీద తెల్లని గీతలు ఒకదాని క్రింద ఒకటిగా వున్నాయి. ఇరుప్రక్కలా చదునుగా వుండి మధ్యకు వచ్చేసరికి ఎగసి పడుతున్నాయి. లొల్ల లాకుల దగ్గర నీరు దుమికేటప్పుడు అట్లాగే వుంటుంది. ఎవరో మన కాలవను చూసే గీశారు కాబోలు ననుకున్నాను.

మా మేనల్లుడు కుర్రవాణ్ణి ఆపాడు.

“తమ్ముడూ, నీ షర్టు మీదున్నది ఏ బ్యాండో తెలుసా?”

“బ్యాండేంటండీ? కొండలనుకున్నానండి.”

“పోనీ, వాళ్ళ పాటలు మూడు చెప్పు. రెండు చెప్పినా చాలు.”

కుర్రవాడు నా వంక చూశాడు. మేష్టారు గనుక ఆదుకుంటాననుకున్నాడేమో. నేను ఆదుకోలేదు. “వాళ్ళ నాన్న బ్యాండేమోనోయ్!” అన్నాను. మా మేనల్లుడు పగలబడి నవ్వాడు, నేనూ నవ్వాను. కుర్రవాడు పెట్టెలు అరుగు మీద పెట్టి, లెక్క చూసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు మిగిలిన అయిదు పెట్టెలూ తెచ్చినప్పుడు అదే షర్టు తిరగేసి తొడుక్కుని వచ్చాడు. కుట్లన్నీ పైకి కనబడుతున్నాయి, బొమ్మ లోపలికి పోయింది. దానితో నా నవ్వు అడుగంటింది.

ఆ రాత్రి మా మేనల్లుడు చేత చెప్పించుకున్నదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. ఆ బొమ్మ జాయ్ డివిజన్ అనే ఇంగ్లీషు బృందం 1979లో వెలువరించిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’ అన్న రికార్డు అట్ట మీదిది. మాంచెస్టరు ప్రాంతపు కుర్రవాళ్ళు నలుగురు. పాడేవాడు ఇరవై మూడేళ్ళ వయస్సులో, 1980 మే నెలలో ఆత్మహత్య చేసుకున్నాడు. అట్ట ముందు వైపున బృందం పేరు లేదు, రికార్డు పేరూ లేదు, వట్టి గీతలే. పీటర్ సావిల్ అనే చిత్రకారుడు ఆ అట్టను రూపొందించాడు గాని గీతలు ఆయనవి కావు. ఒక ఖగోళశాస్త్ర గ్రంథంలో తెల్ల కాగితం మీది నల్లగీతలుగా వున్నవాటిని ఆయన నలుపు మీద తెలుపుగా మార్చాడు.

అసలు ఆ గీతలు ఒక నక్షత్రం చప్పుళ్ళు. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా వున్న జోసిలిన్ బెల్, ఆకాశంలో ఒక చోటి నుండి సెకనుకు పైచిలుకు వ్యవధిలో గడియారం కొట్టినట్టు వచ్చే రేడియో సంకేతాన్ని కనిపెట్టింది. తర్వాత దానికి పల్సరు అని పేరు వచ్చింది. 1974లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆమె ఆచార్యుడికి ఇచ్చారు, ఆమెకు ఇవ్వలేదు. అదే నక్షత్రం పంపిన స్పందనలను ఒకదాని క్రింద ఒకటి పేర్చి బొమ్మ గీసినవాడు హరాల్డ్ క్రాఫ్ట్. 1970లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన వ్యాసంలో అది వున్నది. తన బొమ్మ పాటల రికార్డు మీదికి ఎక్కిన సంగతి ఆయనకు చాలా కాలం దాకా తెలియదు. తెలిశాక దుకాణానికి వెళ్ళి డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

ఇంతకూ కుర్రవాడు కొండలన్నాడు, నేను కాలవన్నాను, మా మేనల్లుడు బ్యాండన్నాడు. నక్షత్రమని మా ముగ్గురిలో ఎవరమూ అనలేదు. పరీక్ష పెట్టిన మేనల్లుడిని “జోసిలిన్ బెల్ ఎవరోయ్?” అని అడిగితే, ఆమె ఏ బృందంలో పాడేదని ఎదురడిగాడు.

ఈ మూడు పాటల పరీక్ష మా వాడు కల్పించింది కాదు. బృందాల అభిమానుల్లో అది లోకమంతటా వున్న ఆచారమట. వినకుండా తొడుక్కున్నవాడు దొంగ. విని తొడుక్కున్నవాడు దొర. ముఖ్యంగా ఆడపిల్లలు ఇటువంటి షర్టు వేసుకుంటే దారిన పోయేవాడు కూడా ఆపి ప్రశ్నలు వేస్తాడట. పూర్వం మన సభల్లో ఫలానావాడు వినటానికి అర్హుడు, ఫలానావాడు అనర్హుడు అని గీత గీసి కూర్చోబెట్టిన పద్ధతికీ దీనికీ భేదమేమిటో నాకు కనబడలేదు. అప్పుడు గీతకు ఆధారం పుట్టుక, ఇప్పుడు ఆధారం పరిజ్ఞానం. పరిజ్ఞానం మాత్రం ఎవరికి ముందుగా అందుతుందో మనకు తెలియనిది కాదు.

మా వాడిని విమర్శించి నేను తప్పుకోవటానికి లేదు. ఉద్యోగంలో వుండగా చే గువేరా బొమ్మ వున్న బనీనులతో తరగతికి వచ్చిన పిల్లలను నేను ఎందరినో నిలబెట్టాను. “ఆయన ఏ దేశంలో పుట్టాడురా? ఎక్కడ చనిపోయాడు?” అని అడిగి, చెప్పలేకపోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టేవాణ్ణి. అది వర్గ చైతన్యం నేర్పటమని నా భ్రమ. ఆ బొమ్మకు మూలమైన ఛాయాచిత్రాన్ని 1960 మార్చి 5న హవానాలో తీసిన ఆల్బెర్టో కోర్డాకు ఆ లక్షలాది బనీనుల మీద దమ్మిడీ రాలేదన్న సంగతి అప్పుడు నాకూ తెలియదు. ఆయన అది కోరలేదు కూడా; 2000లో ఒక వోడ్కా ప్రకటనలో దాన్ని వాడుకున్నప్పుడు మాత్రం దావా వేసి, వచ్చిన యాభై వేల డాలర్లనూ క్యూబా వైద్యశాఖకు ఇచ్చివేశాడు. నా ప్రశ్నలకు జవాబు చెప్పలేక కూర్చున్న పిల్లల్లో ఎందరు ఆ బనీనులను మళ్ళీ తొడుక్కున్నారో నేను గమనించలేదు. గమనించవలసింది.

ఇక ఈ సరుకు చరిత్ర. పాటను కాక పాట పాడేవాడి పేరునూ మొగాన్నీ విడిగా అమ్మవచ్చుననే తెలివి అమెరికాలో 1956 నాటికే ముదిరింది. ఆ సంవత్సరం ఎల్విస్ ప్రెస్లీ పేరుతో బొత్తాలు, చొక్కాలు, పెదవుల రంగు కూడా అమ్మారు. అతనిని అభిమానించేవారికే కాదు, ద్వేషించేవారికి కూడా, ‘నాకు ఎల్విసంటే అసహ్యం’ అని వ్రాసిన బిళ్ళలను అతని మేనేజరే అమ్మించాడు. వర్తకుడికి అభిమానమూ ఒకటే, అసహ్యమూ ఒకటే. 1964లో బీటిల్స్ అమెరికాలో అడుగు పెట్టే నాటికి వారి పేరుతో సరుకు అమ్ముకునే హక్కును సెల్టేబ్ అనే కంపెనీకి ఇచ్చారు. బీటిల్స్ అన్న ఇంగ్లీషు పేరును తిరగేసి వ్రాస్తే ఆ పేరు వస్తుంది. అనుమతుల మీద వచ్చే రాబడిలో నూటికి తొంభై కంపెనీకి, పది బీటిల్స్ కు. పేరును తిరగేసినవాడు వాటాను కూడా తిరగేశాడు!

రోలింగ్ స్టోన్స్ బృందపు గుర్తయిన ఎర్రని నాలుక సంగతి ఇంకా తమాషా. 1970లో జాన్ పాష్ అనే చిత్రకళా విద్యార్థి దాన్ని గీశాడు. గాయకుడు జాగర్ అతనికి చూపిన నమూనా మన కాళికాదేవి పటం. పాష్‌కు అప్పుడు ముట్టింది యాభై పౌన్లు. తర్వాత మరికొంత ఇచ్చారు. కాళికి ఏమీ ముట్టలేదు. 1970ల్లో ఈ వ్యాపారానికి ప్రత్యేక కంపెనీలు ఏర్పడి, కచేరీ జరిగే చోటల్లా బనీనుల బల్ల ఒక ఆచారమైంది. జాయ్ డివిజన్ గీతలనైతే 2012లో డిస్నీ కంపెనీ మిక్కీ ఎలుక ఆకారంలోకి వంచి అమ్మకానికి పెట్టి, గోల పుట్టేసరికి వెనక్కి తీసుకున్నది. ఆత్మహత్య చేసుకున్న యువకుడి పాటలకు ఎలుక చెవులు తగిలించటానికి ఎవరికీ చెయ్యి వణకలేదు.

మనకు ఇటువంటిది లేదా అంటే, వున్నది. మా నాన్నగారి ట్రంకు పెట్టెలో సినిమా పాటల పుస్తకాలు ముప్పయి దాకా వుండేవి. ‘పాతాళ భైరవి’ది వున్నది, 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ది వున్నది. సినిమా హాలు దగ్గర అణాల మీద అమ్మేవారు. ఎనిమిదో పన్నెండో పేజీలు, నాసిరకం కాగితం, అట్ట మీద నాయికా నాయకులు. లోపల కథ సగం దాకా చెప్పి, చిక్కుముడి పడినచోట ఆపి, మిగిలింది వెండితెర మీద చూసుకోమనేవారు. అదీ ప్రకటనే, అదీ సరుకే. వ్రాసిన కవికి ఆ అణాలలో వాటా వెళ్ళేదని నేను అనుకోను. అయినా ఒక తేడా వున్నది. ఆ పుస్తకం కొన్నవాడి చేతికి పాట వచ్చేది. మా నాన్నగారికి గొంతు లేదు. అయినా పొలం నుంచి వస్తూ కొసరాజుగారి పాట పల్లవి నుంచి చివరి చరణం దాకా తప్పు లేకుండా పాడేవారు. మాటలు ఆ పుస్తకం నుంచి వచ్చినవే. చదువు రాని కూలీలు ఆయన వెనక అందుకునేవారు. బనీను అట్లా కాదు. అది పాటను ఇంటికి తీసుకురాదు, పాట పేరును మాత్రమే వీధిలోకి తీసుకుపోతుంది. డబ్బిచ్చి కొన్నవాడు అమ్మినవాడికి ప్రకటన పలక అవుతాడు. వెనుకటికి సినిమా బండికి కట్టిన పలకను ఎద్దులు లాగేవి; కనీసం వాటికి మేత వేసేవారు.

ఇట్లా వ్రాసుకుంటూ పోతే పని సులువుగానే వుంటుంది గాని, మా మేనల్లుడి వాదన వినకపోవటం న్యాయం కాదు. “మామయ్యా, ఇప్పుడు పాట అమ్మితే ఎవడికీ కడుపు నిండదు” అన్నాడు. అది నిజమే. స్పాటిఫై వంటి వాటిలో ఒక పాటను ఒకసారి వింటే హక్కుదారులందరికీ కలిపి చేరేది ఒక అమెరికన్ సెంటులో సగానికి లోపు. అందులో నుంచి గాయకుడికి ఎంత, వాద్యగాడికి ఎంత అన్నది తర్వాతి మాట. అందుచేత చిన్న బృందాలు ఊరూరా తిరిగి, పాడి, బల్ల మీద బనీనులు అమ్ముకుని పెట్రోలు ఖర్చులు రాబట్టుకుంటున్నాయి. పాట బనీనుకు ప్రకటనగా మారింది. ఆ బల్ల మీద కూడా హాలు యజమానులు నూటికి ఇరవయ్యో, పాతికో పుచ్చుకోవటం ఇంగ్లండు, అమెరికాలలో ఆచారమైంది. బ్రిటన్ లో కళాకారుల సంఘమొకటి 2022లో అట్లా పుచ్చుకోని హాళ్ళ జాబితా ప్రకటించవలసి వచ్చిందంటే, పుచ్చుకునేవారెందరో ఊహించవచ్చు.

మా వాడి పెట్టెలో ఒక షర్టు వున్నది. 2011 అక్టోబరు 30న బెంగుళూరులో మెటాలికా కచేరీ జరిగినప్పుడు అక్కడే కొన్నాడు. ఇప్పుడది అతనికి పట్టదు. అయినా ఉతికి, ఇస్త్రీ చేసి దాచాడు. ఆ రాత్రి ఇద్దరు మిత్రులతో కలిసి వెళ్ళాడట. వారిలో ఒకడు ఇప్పుడు లేడు. ఆ షర్టును చేత్తో పట్టుకుని ఆ మాట చెబుతున్నప్పుడు ‘సరుకు వ్యామోహం’ అని నేను అనలేకపోయాను. మా నాన్నగారి పాటల పుస్తకాలను నేను పారెయ్యలేదు గదా!

అయితే కుర్రవాడి షర్టు ఆ బల్ల మీద కొన్నది కాదు. రావులపాలెంలో రోడ్డు ప్రక్క గుట్టలో నూట యాభై రూపాయలకు కొన్నాడు. అందులో జాయ్ డివిజన్ వారికి పైసా వెళ్ళలేదు. క్రాఫ్టుకూ, జోసిలిన్ బెల్‌కూ ఎట్లాగూ లేదు. నల్లది మాయదు, మోతలో మురికి కనబడదు అని వాడు కొన్నాడు. అంతకంటే మంచి కారణం వుంటుందా? అయినా ఆ షర్టు వెనుక ఎవరూ లేరనుకోరాదు. అటువంటి బనీనుల గుడ్డకు ఈ దేశంలో పెద్ద కేంద్రం తిరుప్పూరు. అక్కడి అద్దకపు నీళ్ళు నొయ్యల్ నదిని ఎంతగా చంపాయంటే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం కర్మాగారాలను మూసివేయమని ఆజ్ఞాపించింది. ఆ జిల్లాల నూలు మిల్లులలో ‘సుమంగళి’ అన్న పేరుతో పేద ఆడపిల్లలను మూడేళ్ళు వసతి గృహాల్లో వుంచి పని చేయించుకుని, చివర పెళ్ళి ఖర్చుకని ఒక మొత్తం చేతిలో పెట్టే పద్ధతి నడిచింది. మధ్యలో జబ్బుపడి వెళ్ళిపోయిన పిల్లకు ఆ మొత్తం దక్కేది కాదు. మూడు పాటలు అడిగే బదులు, నూలు వడికిన ముగ్గురి పేర్లు అడిగితే మా మేనల్లుడూ నేనూ ఇద్దరమూ తప్పేవాళ్ళమే.

పేరుకు ధర రావటం మా ఊరికి కొత్త కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇకమీదట వేరే ఊరివాడు ఆ పేరు పెట్టుకుని అమ్మటానికి వీలు లేదు. మంచిదే. కాని బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పాలలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద పరచి తీసి, చర్మం వంటి రేకును చిరగకుండా లేవదీసే ఆడమనిషికి కూలి ఇప్పటికీ రేకుల లెక్కనే. పెట్టె మీద దుకాణం పేరుంటుంది, ఊరి పేరుంటుంది. ఆమె పేరు వుండదు.

మాఘమాసంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, కుర్రవాడి తండ్రి ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. కొడుకు సంగతి అడుగుతాడేమోనని నాకు బెరుకు. అతను అడగలేదు. అతను వేసుకున్నది కూడా టీ షర్టే, మెరిసే నీలం రంగుది. వీపు మీద మేళం యజమాని పేరు, ఊరు, సెల్లు నెంబరు అచ్చు వేసి వున్నాయి.

“ఇదేమిటోయ్, ఎర్ర కోటు ఏమయింది?” అన్నాను.

“కోట్లు మానేశారండి. డి.జె. బాక్సులు వచ్చాక మేళం అందరూ పిలవట్లేదండి. ఇవైతే చవక, పిల్లల్లాగా వుంటారు వెయ్యమన్నారండి. ఒక్కో చొక్కాకి రెండు వందల యాభై, మొదటి పెళ్ళి కూలిలో విరిచేశారండి.”

ఎర్ర కోటు నాకు జ్ఞాపకమే. బంగారు రంగు జలతారు, భుజాల మీద కుచ్చులు, ఎవరో తెల్లదొర సైనికుడి దుస్తులకు నకలు. పెళ్ళి కాగానే విప్పి యజమాని ట్రంకులో పెట్టవలసిందే. కోటు యజమానిది గనుక ఖర్చూ యజమానిదే. ఇప్పుడు చొక్కా వాయించేవాడిది, దాని మీది పేరు యజమానిది. వెనుక పెద్ద డ్రమ్ము మీద వ్రాయించే పేరును ఇప్పుడు మనుషుల వీపుల మీద వేయిస్తున్నారు. ఆ డ్రమ్మునైనా యజమాని తన డబ్బుతో కొన్నాడు. మెటాలికా షర్టు తొడుక్కున్నవాడు తన ఇష్టం మీద పలక అయ్యాడు. ఇతను కూలిలో కోత పెట్టించుకుని అయ్యాడు. వాయిద్యం తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. స్వరలిపి రాదు. కొత్త సినిమా పాట రెండుసార్లు వింటే మూడోసారి క్లారినెట్ మీద పలికిస్తాడు. అతని పేరు ఏ చొక్కా మీదా లేదు, శుభలేఖలోనూ వుండదు.

నేను జరిగినదంతా చెప్పి, మీ వాణ్ణి చూసి నవ్వామురా, తప్పయిందన్నాను. అతను ఇబ్బంది పడ్డాడు. “అయ్యో, పోనిద్దురూ, చిన్నపిల్లాడండి” అన్నాడు. తర్వాత కాసేపాగి, “ఇంతకీ ఆ పాట ఎలా వుంటదండి మేష్టారూ?” అన్నాడు.

ఆ ప్రశ్న మా ఇంట్లో అంతవరకూ ఎవరూ వేయలేదు. బనీనును గూర్చి ఇంత తెలుసుకున్న నేను ఆ రికార్డు వినలేదు. మా మేనల్లుడు నా ఫోనులో పెట్టి వెళ్ళిన మొదటి పాటను తెరిచాను. అరుగు మీద కూర్చుని ఇద్దరమూ విన్నాము. నాకు ఇనుప రేకుల మీద వాన పడుతున్నట్టు తోచింది. అతను కళ్ళు మూసుకుని, వేళ్ళు మోకాలి మీద ఆడిస్తూ విన్నాడు.

“పాడేవాడు మహా దిగులుగా వున్నాడండి. మేళమేమో పెళ్ళివారు కేకేసినట్టు పరుగెడుతుందండి. ఆ రెండూ కలవవండి. కలవకపోయినా బానే వుందండి” అన్నాడు. మరొకసారి పెట్టమన్నాడు. రెండోసారికి లోపల మోగుతున్న లావు తీగెల వరుసను ముక్కుతో అనుకోసాగాడు.

వెళ్ళబోతూ చెప్పాడు. చొక్కాలు పన్నెండు కుట్టించారట, ఇప్పుడు పెళ్ళికి ఏడుగురినే రమ్మంటున్నారట. మానేసినవాళ్ళు తమ డబ్బు విరిచారు గనుక చొక్కాలు తిరిగివ్వలేదు. ఒకటి అతని తమ్ముడిది. అది ఇప్పుడు కుర్రవాడు తొడుక్కుని కాలేజీకి వెళుతున్నాడట. “నల్లది తొడుక్కోరా అంటే, దీని మీదుంది ఏ బ్యాండో నాకు తెలుసులే అంటున్నాడండి” అన్నాడు.